నాన్న చూడని ముఖాలు

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు పెద్ద కారొకటి ఆగింది. పాతికేళ్ళ అమ్మాయి ఒకతె, డ్రైవరూ కలిసి దుప్పట్లో చుట్టిన పటాన్ని జాగ్రత్తగా దింపి వసారా గోడకి ఆనించారు. "రజియా గారంటే మీరేనాండీ? నా పేరు హారికండీ. గణపవరం దాటాక, కొల్లేరు పక్కన మా ఊరు. ఇది మా తాతమ్మ గారి పటమండీ. హాలు గోడ చెమ్మెక్కి బూజు పట్టేసింది. వేరే ఎవరికిచ్చినా పాడు చేసేస్తారు, వేసినావిడ దగ్గరికే పట్టుకెళ్ళమని మా నాన్నగారు పంపించారండీ," అంది. దుప్పటి ముడి విప్పి కొస పక్కకి లాగానో లేదో, పటంలోంచి మాణిక్యమ్మ గారు నా వైపు చూస్తున్నారు. తెల్ల వాయిలు చీర, ఒడిలో పళ్ళెం, పళ్ళెంలో చింతపండు. బూజు మోచేతుల దాకా పాకింది గానీ మొహం జోలికి పోలేదు. నిన్న మధ్యాహ్నం ఏం కూర తిన్నానో నాకు గుర్తుండదు గానీ, ఆ పటం గోడకెక్కిన రోజు గాలి ఎటు నుంచి వీచిందో కూడా ఇప్పటికీ చెప్పగలను. ఆ పిల్లకి టీ ఇచ్చి పంపించేసి, పటం ఎదురుగా కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాను. తుడవడం మర్నాడు మొదలుపెట్టాను.

వినయంగా మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ రాదు, ఇప్పుడు నేర్చుకునే వయసూ కాదు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా, అటు అత్తిలి నుంచి ఇటు కొల్లేరు లంకల దాకా, పెద్దింటి హాల్లో చెప్పుకోదగ్గ పటం ఉందంటే అది నేను వేసిందైనా అయి ఉండాలి, నన్ను బతిమాలి కుదరక ఇంకొకళ్ళ చేత వేయించుకున్నదైనా అయి ఉండాలి. రైసుమిల్లుల వాళ్ళ తల్లులు, డాక్టర్ల భార్యలు, నాయకుల అత్తగార్లు అందరూ నా ముందు కుదురుగా కూర్చున్నవాళ్ళే. కూర్చున్న ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు ఒకే మాట అడుగుతారు, ఈ విద్య మీకెలా వచ్చిందండీ అని. మా నాన్న దగ్గరండీ అంటాను. అబద్ధం కాదు. కానీ మొహం వేయమని నాన్న నా చేతికి కుంచె ఇవ్వకముందు ఏడేళ్ళ పాటు నా చేత ఇంకో పని చేయించారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే చెబితే సగం మంది నమ్మరు, తక్కిన సగం మంది మా నాన్నని తక్కువ చేసి చూస్తారు. ఇప్పుడు ఆ పటమే ఇంటికొచ్చి కూర్చుంది కాబట్టి చెప్పక తప్పదు.

మాది ఏలూరు తంగెళ్ళమూడి. మా తాత తివాచీలు నేసేవాడు. ఇంట్లో మగ్గం ఉండేది, గోడ పొడుగునా రంగు రంగుల ఉన్ని చుట్టలు వేలాడుతుండేవి. నాన్న చిన్నతనంలోనే మగ్గం వదిలేసి బొమ్మల్లోకి వెళ్ళిపోతే, మనుషుల రూపాలు గీయడమేంటని తాత ఏడాది పాటు ఆయనతో మాట్లాడలేదట. తర్వాత్తర్వాత పెద్దపెద్ద వాళ్ళు గుర్రబ్బండ్లు దిగి, ఖాసిం గారి ఇల్లెక్కడండీ అని వీధిలో అడగడం మొదలుపెట్టాక మాట్లాడాడు. నాకు ఊహ తెలిసేసరికి మగ్గం ఒక మూలకి పోయింది, ఉన్ని వాసన మాత్రం ఇంకా పోలేదు. ఆ వాసనలో రంగుల్లో కలిపే లిన్సీడ్ నూనె, టర్పెంటైను, బొమ్మ వేసే గుడ్డకి పూయడానికి కాచే జిగురు, అమ్మ నూరే మసాలా అన్నీ కలిసిపోయి, మా ఇంట్లో అన్నం తిన్న చుట్టాలు చెయ్యి కడుక్కుని వాసన చూసుకునేవారు. శుక్రవారం తలంటేటప్పుడు అమ్మ నా జుట్టు రెండు సార్లు కుంకుడు రసంతో రుద్ది, "దీనికి సంబంధం చూడ్డానికొచ్చే వాళ్ళు ముక్కు మూసుకుని రావాల్సిందే," అనేది. నాన్న మాత్రం ఏ వాసనా ఒంటి మీద ఉండనిచ్చేవారు కాదు. పనిలోకి వెళ్ళే రోజు కిరసనాయిలు గుడ్డతో గోళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని, స్నానం చేసి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, చెవి వెనక ఇంత అత్తరు రాసుకునేవారు. రంగు మరకతో ఒకళ్ళ గుమ్మం ఎక్కకూడదని ఆయన పట్టుదల. ఆయన్ని చూసినవాళ్ళు ప్లీడరు గారనుకునేవారు.

మగవాళ్ళ పటాలతో ఏ ఇబ్బందీ లేదు. కుర్చీలో కూర్చునేవారు, మీసం దువ్వుకునేవారు, నాన్న వేసేవారు. చిక్కంతా ఆడవాళ్ళ దగ్గర. పెద్ద పెద్ద రైతుల ఇళ్ళలో పరాయి మగాడి ఎదుట గంటల తరబడి మొహం చూపిస్తూ కూర్చునే ఆడమనిషి ఆ రోజుల్లో లేదు. పటం మాత్రం కావాలి. ఆయన పటం పక్కన ఆవిడ పటం ఉండాలి, లేకపోతే హాలు బోసిగా ఉంటుంది. దీనికి నాన్న కనిపెట్టిన ఉపాయం ఆయన్ని జిల్లా అంతటా గొప్పవాణ్ణి చేసింది. వసారాలో చాప మీద కూర్చునేవారు. తలుపు వెనక నుంచి ఇంటావిడ నాలుగు మాటలు మాట్లాడేది. మీ పుట్టిల్లేదండీ, ఎంతమంది అన్నదమ్ములండీ అని నాన్న అడిగేవారు. కళ్ళు మూసుకుని, తల పంకిస్తూ వినేవారు. నెల తిరిగేసరికి ఆవిడ ముక్కూ మొహం, కనుబొమ అంచున ఉన్న చిన్న గాటుతో సహా, పటంలో దిగిపోయేవి. ఖాసిం గారు గొంతు విని మొహం గీస్తారు అని ఊళ్ళన్నీ చెప్పుకునేవి. నాన్న ఔననేవారు కాదు, కాదనేవారూ కాదు. మెల్లిగా నవ్వేవారు.

గొంతుతో ఎవరూ ఏ మొహమూ గీయలేరు. ఆయన వసారాలో కళ్ళు మూసుకున్నంతసేపూ నేను లోపల కళ్ళు తెరుచుకుని ఉండేదాన్ని. పన్నెండో ఏట మొదలుపెట్టాను. చీర రంగూ అంచూ చూసి రావడానికి అమ్మాయిని లోపలికి పంపుతానండీ అని నాన్న చెప్పేవారు, ఆడపిల్లే కదా అని వాళ్ళు ఒప్పుకునేవారు. నా దగ్గర చిన్న నోటుబుక్కు, రెండు పెన్సిళ్ళు. ఊరికే కూర్చోవడం ఆ ఇళ్ళ ఆడవాళ్ళకి రాదు, ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. చిక్కుళ్ళు తుంచేవారు, పూలు కట్టేవారు, బియ్యంలో రాళ్ళు ఏరేవారు. చెయ్యి పనిలో ఉంటే మొహం తన మానాన తాను ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చాక నాన్న ప్రశ్నలు మొదలయ్యేవి. నవ్వితే ఏ కన్ను ముందు చిన్నదవుతుంది? గడ్డం కింద మడత ఒకటా, రెండా? ఒంటిరంగుకి మాకో భాష ఉండేది. కొత్త బెల్లమా, పాత బెల్లమా అని అడిగేవారు. కాచిన పాలు, వెలగపండు గుజ్జు, కొత్త చింతపండు, పాత చింతపండు అని నేను చెబితే ఆయన పలక మీద రంగులు కలిపేవారు. నోటుబుక్కులో కొన్ని గుర్తులు కూడా పెట్టుకున్నాం. నల్లగా నింపిన చుక్కంటే పుట్టుమచ్చ. ఖాళీ గుండ్రమంటే బొట్టు. వెలుతురు పడే చోట చిన్న గీత.

పదిహేను దాటేసరికి చీరల అంచులు, కుర్చీ కోళ్ళు, వెనక తెరలు నేనే వేసేదాన్ని. రాత్రీ పగలూ చేసినా నాకు విసుగు ఉండేది కాదు. మొహం మాత్రం నాన్నే వేసేవారు. కింద మూల ఖాసిం అని ఆయన పేరు. నాకు పందొమ్మిదో ఏడు వచ్చేసరికి ఆ పేరు చూస్తే ఒళ్ళు మండటం మొదలైంది. అబద్ధమెందుకు, ఆయన మీద ప్రేమ లేక కాదు, ఆయన కన్నా గొప్ప పనివాడు ఈ డెల్టాలో పుట్టలేదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ అంటాను. కానీ ఆ ఆడవాళ్ళని చూసింది నేను. వాళ్ళ ఎదుట కూర్చున్నది నేను. నా పేరు కూడా అక్కడ ఉండాలి. ఒకరోజు ఆయన పేరు రాస్తుంటే ఉండబట్టలేక అడిగేశాను.

"బొమ్మ ముఖ్యం గానీ పేరుదేముంది అమ్మాయ్," అన్నారు నాన్న.

"పేరుదేమీ లేకపోతే మీ పేరు మాత్రం ఎందుకు రాయడం?"

వంటింట్లోంచి అమ్మ, "ఆ నోరు చూడు, ఆ నోరు!" అని కేకేసింది. నాన్న కుంచె తుడుచుకున్నారు. "లోపలికి వెళ్ళి మొహం చూసింది నువ్వని తెలిస్తే మనల్ని ఎవరు పిలుస్తారమ్మా? ఖాసిం గారు గొంతు విని గీస్తారనే కదా వస్తున్నారు," అన్నారు. అది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపం వచ్చింది. రెండు రోజులు ఆయన అడిగిన ప్రశ్నలకి ఒక్కొక్క ముక్కలో జవాబు చెప్పాను.

మాణిక్యమ్మ గారి పటం ఒప్పుకున్నది ఆ ఏడే. వాళ్ళాయన పటం పదేళ్ళ క్రితం, ఆయన బతికి ఉండగానే నాన్న వేశారు. ఆయన పోయాక పెద్దకొడుకు సత్యం గారు కొత్త మేడ కట్టిస్తూ, హాల్లో నాన్నగారి పటం పక్కన అమ్మ పటం కూడా ఉండాలన్నారు. నాన్న వసారాలో కూర్చున్నారు, నేను వెనక గదిలోకి వెళ్ళాను. మాణిక్యమ్మ గారు పీట మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. డెబ్భై దాటిన మనిషి. తల నెరిసింది గానీ వీపు నిటారుగా ఉంది. తలుపు వైపు తిరిగి నాన్న అడిగిన రెండు ప్రశ్నలకి జవాబు చెప్పేసి, నా వైపు చూశారు.

"మీ నాన్నగారు గోడ అవతల కూర్చుని నా మొహం ఎలా వేస్తారంటమ్మా?"

"మీ గొంతు విని వేస్తారండీ."

"మరి నువ్వు గీసేదేంటి?"

"చీర అంచండీ."

"చీర అంచు నా ముక్కు మీదుందా?" అన్నారావిడ. నేను నోటుబుక్కు మూసేశాను. ఆవిడ నవ్వి, ఒక చింతపండు రెబ్బకి ఉప్పు అద్ది నా చేతిలో పెట్టి, "గీసుకో, గీసుకో. ఎవరికీ చెప్పన్లే," అన్నారు. ఆ తర్వాత మూడు సార్లు వెళ్ళాను. ఆవిడ నుదుటి మీద, సరిగ్గా మధ్యలో, కందిగింజ కన్నా కాస్త పెద్దదిగా పాలిపోయిన గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. యాభై ఏళ్ళు కుంకం పెట్టుకున్న చోటు. బొట్టు తీసేసి ఏళ్ళు గడిచినా చర్మం దాన్ని మర్చిపోలేదు. కిటికీ వెలుతురు పక్క నుంచి పడితేనే కనిపిస్తుంది. నాకది ఆ మొహం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన చోటుగా అనిపించింది. కానీ దానికి మా గుర్తుల్లో గుర్తు లేదు. ఖాళీ గుండ్రం ఒకటి సన్నగా గీసి, ఇంటికెళ్ళాక నాన్నకి చెబుదామనుకున్నాను.

చెప్పడం కుదరలేదు. తాడేపల్లిగూడెంలో మా మేనమామ పెళ్ళి వచ్చిపడింది. అమ్మా నేనూ పది రోజులు ముందే వెళ్ళిపోయాం. పెళ్ళి పనులు, మరదళ్ళు, గాజులు, గోరింటాకు, వీటి మధ్య నుదుళ్ళూ మచ్చలూ ఎవరికి గుర్తుంటాయి? సత్యం గారు గృహప్రవేశం ముహూర్తం ముందుకి జరపడంతో నాన్న నా కోసం ఆగకుండా నోటుబుక్కు చూసుకుంటూ మొహం పూర్తి చేసేశారు. మేం తిరిగొచ్చేసరికి పటం తెల్ల దుప్పట్లో చుట్టి, తాడు కట్టి, గోడకి నిలబెట్టి ఉంది. తెల్లారితే ప్రయాణం. "ఎలా వచ్చింది?" అని అడిగాను. "నువ్వే చూస్తావుగా," అన్నారు నాన్న. ఆ గొంతులో తృప్తి విని, బాగా కుదిరి ఉంటుందనుకుని పడుకున్నాను.

అప్పట్లో వాళ్ళ ఊరికి రోడ్డు చివరిదాకా లేదు. బస్సు దిగి, కొల్లేటి పాయలో దోనె ఎక్కాలి. పటాన్ని పడుకోబెట్టి చెరో పక్కా పట్టుకుని కూర్చున్నాం. పడమటి నుంచి గాలి వీస్తోంది, దుప్పటి అంచు ఎగిరినప్పుడల్లా నాన్న మోకాలితో నొక్కిపెట్టేవారు. మేం వెళ్ళేసరికి మేడ నిండా జనం. మామిడాకులు, కొత్త సున్నం, నేతి వాసన. హాల్లో పెద్దాయన పటం పక్కనే మేకు కొట్టి సిద్ధంగా ఉంచారు. మాణిక్యమ్మ గారు మాత్రం హాల్లో లేరు. శుభకార్యం కదా, ముత్తయిదువుల మధ్యకి రాకుండా వెనక గదిలోనే ఉండిపోయారు. ఆవిడ ఇంటి గృహప్రవేశంలో, ఆవిడ పటం గోడకెక్కే వేళ, ఆవిడ వంటింటి పక్క గదిలో ఉన్నారు.

సత్యం గారు తాడు విప్పించారు. దుప్పటి జారింది. నేను పటం చూశాను. కళ్ళు ఆవిడవే, పెదవి చివర ఆ కొంటెతనం ఆవిడదే. నుదుటి మధ్యలో, నేను గుండ్రం గీసిన చోట, ఎర్రగా నిండు బొట్టు.

"ఖాసిం గారూ, ఇదేంటండీ?" అన్నారు సత్యం గారు. ఆ వైపు వాళ్ళకి కోపం వచ్చినా 'అండీ' పోదు, అందుకని ఇంకా భయమేసింది. "మా నాన్నగారు పోయి ఎన్నాళ్ళయిందో మీకు తెలీదాండీ? మా అమ్మ నుదుటిన బొట్టేంటండీ, ఇంతమంది ఎదుట?"

"తప్పు నాదేనండీ," అన్నారు నాన్న. "జంట పటాలకి కొన్ని ఇళ్ళలో అలాగే పెట్టమంటారండీ, ఆయన పక్కన ఉంటారు కదాని. ఇక్కడా పెట్టమన్నారేమో అనుకున్నానండీ."

"ఎవరు పెట్టమన్నారండీ? మీకెవరు చెప్పారు?"

నాన్న వంగి కింద పడ్డ తాడు చేతిలోకి తీసుకున్నారు. జవాబు చెప్పాలంటే నోటుబుక్కు సంగతి చెప్పాలి. ఇంతలో జనంలోంచి ఒకావిడ, "గొంతు విని మొహం గీసేవారికి, ఆ గొంతు బొట్టు లేని మనిషిదని తెలీలేదు కాబోలు," అంది. నలుగురు నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడటం చూశాను. ఆ నవ్వు నాకు చెంపదెబ్బలా తగిలింది. ఏం మాట్లాడుతున్నానో తెలిసే మాట్లాడాను, నోరు జారిందని ఎప్పుడూ అనుకోలేదు.

"గొంతు విని కాదండీ. లోపలికెళ్ళి చూసింది నేను. ఆవిడ నుదుటి మీద కుంకం పెట్టిన చోట మచ్చ ఉందండీ, పాలిపోయింది. నేను దాన్ని గుండ్రంగా గీశాను. నాన్న అది బొట్టనుకున్నారు."

ఇరవై ఏళ్ళుగా కట్టుకున్న పేరు అది. నేను ఒక్క ఊపులో కూలదోశాను. నాన్న నా వైపు తిరిగారు. కాదని ఒక్క మాట అంటే చాలు, చిన్నపిల్ల వాగుడని అందరూ వదిలేసేవారు. ఆయన చేతిలో ఉన్న తాడు నెమ్మదిగా చుట్టి పక్కన పెట్టారు. "అమ్మాయి చెప్పింది నిజమేనండీ," అన్నారు, హాల్లో చివరి వాళ్ళకి కూడా వినపడేలా. "ఏడేళ్ళుగా నేను ఒక్క ఆడమనిషినీ గొంతు విని వేసింది లేదండీ. మీ అందరి ఇళ్ళలో ఉన్న ఆ పటాలన్నీ మా అమ్మాయి చూసినవే. నేను రంగు పూశానంతేనండీ." అంతకు ముందువి ఎలా వేశారని ఎవరూ అడగలేదు, అడిగితే నాకన్నా ముందు లోపలికెళ్ళి చూసొచ్చిన అమ్మ పేరు బయటికి వచ్చేది.

"జరగండర్రా," అని వెనక నుంచి మాణిక్యమ్మ గారి గొంతు వినిపించింది. జనం రెండు పక్కలకీ తప్పుకున్నారు. ఆవిడ వచ్చి పటం ముందు నిలబడ్డారు. చాలాసేపు చూశారు. చెయ్యెత్తి తన నుదుటి మీద వేలు పెట్టి తడుముకున్నారు. తర్వాత నన్ను చూశారు.

"ఆ మచ్చ నీకు కనిపించిందా?"

"కనిపించిందండీ."

"ఈ ఇంట్లో ఇంతమంది ఉన్నారు. ఇన్నేళ్ళలో ఒక్కళ్ళకీ కనపళ్ళేదు," అన్నారావిడ. ఎవరి మీదా నిష్ఠూరం లేదు ఆ మాటలో. పెద్దకోడలు కళ్ళొత్తుకుంటూ, "పోనీ బొట్టు అలాగే ఉంచేద్దామత్తయ్యా, పక్కన మావయ్య గారున్నారు కదా," అంది.

"వద్దు. ఆయన పోయినప్పుడు తీసేసినదాన్ని గోడ మీద పెట్టుకుని నేనెవర్ని నమ్మించాలి? మచ్చ మాత్రం నాదే. ఉన్నదున్నట్టు వెయ్యమను."

"వేస్తానండీ," అన్నారు నాన్న, చూపు నేల మీంచి ఎత్తకుండా. "కానీ నేను దాన్ని చూడలేదండీ."

"ఇప్పుడు చూడండి మరి, అమ్మ ఎదురుగానే ఉందిగా," అన్నారు సత్యం గారు.

"ఆయనెందుకురా, చూసిన మనిషి ఇక్కడుండగా? నువ్వు వెయ్యమ్మా," అని మాణిక్యమ్మ గారు కిటికీ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ హాల్లోనే, ముత్తయిదువులందరి మధ్యా. ఎవరూ అడ్డు చెప్పలేదు.

చివరి మెరుగుల కోసం నాన్న రంగుల పెట్టె ఎప్పుడూ వెంట తెచ్చేవారు. దాన్ని నా ముందు తెరిచి పెట్టి ఆయన వెనక్కి తప్పుకున్నారు. చిన్న కత్తితో బొట్టు గీకాను. టర్పెంటైనులో గుడ్డ తడిపి తుడిచాను. కింద ఒంటిరంగు వేసుకున్నాను, పాత బెల్లంలో ఇంత కాచిన పాలు. దాని మీద మచ్చ. అంచు గట్టిగా రాకూడదు, మధ్యలో తెల్లబారకూడదు. నలభై మంది నా వీపు మీద చూపులు పెట్టి నిలబడ్డారు. మొదటి రెండు నిమిషాలూ వాళ్ళ గుసగుసలు వినిపించాయి. తర్వాత హాలూ లేదు, జనమూ లేరు, ఒక నుదురూ నేనూ మిగిలాం. విస్తళ్ళు వేసినవాళ్ళు వడ్డన ఆపేసి వచ్చి చూశారట, నాకు తెలీదు. కుంచె దించేసరికి మాణిక్యమ్మ గారు లేచి వచ్చి పటం దగ్గరగా వంగి, "ఇదిగో, ఇది నేను," అన్నారు. ఆ మాట తర్వాత నాకు పెద్దపెద్ద వాళ్ళు శాలువాలు కప్పారు, సన్మానాలు చేశారు. ఏదీ దాని కాలి గోటికి సాటి రాలేదు.

"పేరు ఎవరిది రాశారు?" అని అడిగారావిడ.

"నాదండీ," అన్నారు నాన్న. ఇంకేమీ అనకుండా సన్న కుంచె తీసి, ముదురు గోధుమ రంగులో ముంచి నాకు అందించి, "పైన రాయి," అన్నారు. తన పేరుకి పైన. అంతకు ముందు నా పేరు నేను కుంచెతో ఎప్పుడూ రాయలేదు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మధ్యలో 'జి' పక్కకి ఒరిగిపోయింది. ఇన్నేళ్ళలో నేను చేసిన సంతకాలన్నిటిలోకీ వికారమైనది అదే. మొన్న బూజు తుడుస్తూ దాన్ని సరిచేయనా అని ఒక్క క్షణం అనిపించి, నా చెయ్యి నేనే వెనక్కి తీసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దోనె మీద నాన్న రంగుల పెట్టె ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన పేరు పోగొట్టానని నాకు ఏడుపొస్తోంది, నా పేరు పటం మీద ఉందని గుండె ఎగిరెగిరి పడుతోంది, రెండూ ఒకేసారి ఎలా జరుగుతాయో తెలియక నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. బస్సు రోడ్డు కనిపించాక ఆయన అడిగారు. "ఆ మచ్చకి ఏం కలిపావు?"

"ఎల్లో ఓకరు. తెలుపు కొంచెమే. అడుగున చిటికెడు నీలం."

"నీలమా?" అని ఆగారు. "నేనైతే తెలుపు ఎక్కువ వేసి ఉండేవాణ్ణి. చెడిపోయేది." అంత గొప్పవాడు తన కూతురితో ఆ మాట అనగలిగాడంటే, ఆయన పేరు ఎక్కడికీ పోలేదని నాకు తెలిసింది.

ఇప్పుడు ఆ ఊరికి కారు తిన్నగా ఇంటి ముందు దాకా వెళ్తుంది. దోనెలో మేం వెళ్ళిన చోటంతా చేపల చెరువులు, గట్ల మీద కరెంటు స్తంభాలు. కొల్లేరు ఎంతవరకో, చెరువులు ఎంతవరకో ఆ ఊళ్ళవాళ్ళు వాళ్ళలో వాళ్ళే తగువులాడుకుంటున్నారు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్ళకి చాటూ లేదు, తలుపూ లేదు, అది నాకు చాలా సంతోషం. కానీ సగం మంది ఫోను తీసి, ఇదిగో ఆంటీ, ఈ ఫొటో చూసి వేసెయ్యండి అంటారు. ఆ ఫొటోలో మచ్చ ఉండదు, మడత ఉండదు, ఫోనే తుడిచేసి ఉంటుంది. తలుపు వెనక దాక్కున్న ఆ కాలపు ఆడవాళ్ళ మొహాలే నాకు ఎక్కువ కనిపించాయి. ఫోను పక్కన పెట్టించి, చేతికి చిక్కుళ్ళో పూలో ఇచ్చి, నా ఎదురుగా కూర్చోబెడతాను. మొదట నవ్వుతారు. పావుగంటకి మొహం మొహంలోకి వస్తుంది. కుదరదంటే వేయను, అంతే. ఈ మాట అనగలిగే స్థితి నాకు ఊరికే రాలేదు.

గృహప్రవేశం జరిగాక నెలన్నర దాకా మా గడప ఎవరూ తొక్కలేదు. గొంతు విని గీసే ఖాసిం గారి కథ అయిపోయింది, ఇంకెవరొస్తారులే అని అమ్మ రోజుకి ఒకసారైనా అనేది, అని నా వైపు చూసేది. నాన్న పాత కుంచెలు కడిగి ఎండబెట్టుకుంటూ ఉండేవారు. నేను లోపలి గదిలో అద్దం పెట్టుకుని నా మొహమే మళ్ళీ మళ్ళీ వేసుకునేదాన్ని. ఒక పొద్దుట వీధిలో స్కూటరు ఆగింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారమని చెప్పుకున్నాడాయన. వాళ్ళమ్మ గారు మాణిక్యమ్మ గారి పటం చూసొచ్చి, వేయించుకుంటే అలాంటిదే వేయించుకుంటానని పట్టుబట్టారట. "పెయింటరు గారు కావాలండీ," అన్నాడు. మగవాళ్ళు పని మీద వచ్చినప్పుడు నేను వసారాలోకి రావడం మా ఇంట్లో అప్పటిదాకా లేదు. తలుపు పక్కన నిలబడ్డాను. నాన్న కాస్తున్న జిగురు పొయ్యి మీంచి దించారు. చేతులు తుడుచుకుని, చొక్కా సర్దుకుని, అతనికి కుర్చీ వేశారు.

"కూర్చోండి. పెయింటరు గారు లోపలున్నారు, పిలుస్తాను," అన్నారు.